వెంట్రుకకు చలి తెలియదు

1783లో ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్సూర్ అనే జెనీవా శాస్త్రవేత్త గాలిలో తేమను కొలిచే పద్ధతుల మీద ఒక పుస్తకం అచ్చువేయించాడు. ఆల్ప్స్ కొండలంటే ప్రాణంపెట్టే మనిషి. నాలుగేళ్ల తర్వాత మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కి, ఆయాసపడుతూనే అక్కడా కొలతలు తీసుకున్నాడు. ఆయన తయారుచేసిన పరికరంలో అసలు పనిచేసే భాగం ఇత్తడీ కాదు, గాజూ కాదు, మనిషి తలవెంట్రుక. ఒక కొసను బిగించి, రెండో కొసను చిన్న కప్పీకి చుట్టి, దానికి ముల్లు తగిలించాడు. గాలి చెమ్మగిల్లితే వెంట్రుక సాగుతుంది, గాలి ఆరితే పొట్టిదవుతుంది. ఆ రవ్వంత తేడాను ముల్లు పెద్దది చేసి చూపిస్తుంది. మన వాతావరణ కేంద్రాల్లో కాగితం చుట్టిన డ్రమ్ము మీద రోజంతా తేమ గీత గీస్తూ ఉండే హైగ్రోగ్రాఫుల్లో కూడా ఈ వెంట్రుకల కుచ్చే ఉండేది.

చలికాలంలో జుట్టును ఎలా చూసుకోవాలో చెప్పాల్సిన అధ్యాయాన్ని ఈ పరికరంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. వెంట్రుకకు చలి తెలియదు. మాడు దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు, నరాలు లేవు, రక్తం లేదు. దానికి తెలిసింది తేమ ఒక్కటే. కాబట్టి నవంబరు రాగానే ‘వింటర్ కేర్’ అని ముద్రవేసి అమ్మే సీసాలన్నీ పక్కనపెట్టి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీరున్న చోట, మీరున్న గదిలో, గాలిలో తేమ ఎంత?

వెంట్రుక సగటున మిల్లీమీటరులో పదో వంతుకన్నా సన్నం. దాని పైపొరను క్యూటికిల్ అంటారు. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఆరు నుంచి పది వరసల పొలుసులు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి, మొనలన్నీ కొసవైపే తిరిగి ఉంటాయి. ఒక్క పొడుగాటి వెంట్రుకను తీసుకుని కుదురు నుంచి కొసకు వేళ్లు జరిపి చూడండి, నున్నగా జారుతుంది. కొస నుంచి కుదురుకు జరిపితే సన్నగా గరుకు తగులుతుంది. ఆ గరుకే పొలుసుల మొనలు. వాటి మీద పుట్టుకతో వచ్చిన పల్చటి కొవ్వు పూత ఉంటుంది. లోపల ఉన్నదంతా కెరటిన్ అనే ప్రొటీను పోగులు, వాటిని కలిపి ఉంచే బంధాలు. నీరు లోపలికి వెళ్తే ఆ బంధాల్లో బలహీనమైనవి కొన్ని (హైడ్రోజన్ బంధాలు) తాత్కాలికంగా విడిపోతాయి. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు వెంట్రుక బరువులో 13 నుంచి 15 శాతం నీరే. నీళ్లలో నానితే అది 30 శాతం దాకా వెళ్తుంది. పూర్తిగా ఆరిన స్థితి నుంచి పూర్తిగా తడిసిన స్థితికి వచ్చేసరికి పొడవు పెరిగేది 2 శాతమే, మందం మాత్రం 14 శాతం దాకా ఉబ్బుతుంది. అంటే తలస్నానం చేసిన ప్రతిసారీ మీ జుట్టు ఒకసారి లావెక్కి, మళ్లీ చిక్కిపోతోంది. పొలుసులు లేచేదీ, అంచులు విరిగేదీ ఈ ఉబ్బడం, తగ్గడంలోనే.

ఇక తేమ లెక్క. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. ఘనపు మీటరు గాలి 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర 9.4 గ్రాముల ఆవిరితో నిండిపోతుంది. 28 డిగ్రీల దగ్గర 27 గ్రాములు పడుతుంది. డిసెంబరులో ఆదిలాబాద్‌లో ఒక తెల్లవారుజాము 10 డిగ్రీలుందనుకుందాం. పొలం గట్ల మీద మంచు, గాలిలో తేమ 80 శాతం. అంటే ఘనపు మీటరుకు ఏడున్నర గ్రాములు. మధ్యాహ్నానికి ఎండ వచ్చి 28 డిగ్రీలైంది. కొత్తగా ఆవిరేమీ వచ్చి చేరకపోతే ఉన్నది ఆ ఏడున్నర గ్రాములే, కానీ ఇప్పుడది 28 శాతం. పొద్దున మంచు చూసి ‘ఎంత చెమ్మగా ఉందో’ అనుకున్న మనిషికే మధ్యాహ్నం పెదవులు పగులుతాయి, చేతి మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడుతుంది. విశాఖలోనో కాకినాడలోనో సముద్రం పక్కనే ఉండి ఆవిరి అందిస్తూనే ఉంటుంది కాబట్టి అక్కడ ఇంత తేడా రాదు. ఒకే రాష్ట్రంలో కొండల్లోని లంబసింగికీ, విశాఖకూ ఒకే సలహా పనికిరాదు.

ఇదే లెక్క షికాగోలో ఉన్న తెలుగువాళ్ల ఇంటికి వేసి చూడండి. బయట మైనస్ 10 డిగ్రీలు. ఆ చలిలో గాలి ఆవిరితో నిండి ఉన్నా, మోసేది రెండు గ్రాములకు కాస్త పైన. ఆ గాలిని ఇంట్లోకి లాగి హీటర్ 22 డిగ్రీలకు వేడిచేస్తుంది. 22 డిగ్రీల గాలికి 19 గ్రాములు పడతాయి. ఉన్నది రెండే. తేమ 12 శాతం! వంట, స్నానం, ఊపిరి కలిసి దాన్ని కొంచెం పెంచుతాయి, అయినా అది ఎడారి గాలే. మంచు మధ్యలో ఉన్నామన్న భ్రమలో ఎడారిలో కాపురం. అమెరికా వెళ్లిన మొదటి శీతాకాలంలోనే ‘ఇక్కడి నీళ్లు పడలేదు, జుట్టు పాడైపోయింది’ అని ఇండియాకు ఫోను చేసేవాళ్లు చాలామంది. నీళ్ల వాటా కొంత ఉండొచ్చు. నేనైతే ముందు ఇంటిని వేడిచేసే ఫర్నేసును అనుమానిస్తాను. అలాంటి ఇంట్లో ఏ నూనె కన్నా, ఏ క్రీము కన్నా ముందు కొనాల్సింది తేమ కొలిచే చవక పరికరం, ఆ తర్వాత హ్యుమిడిఫయర్. తేమను 30 నుంచి 50 శాతం మధ్య నిలబెడితే చాలు. అంతకు మించితే కిటికీ అద్దాల మీద నీరు దిగి, చట్రాలకు బూజు పడుతుంది.

సొస్సూర్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఆయన వెంట్రుకను పరికరానికి తగిలించే ముందు సోడా వేసిన నీళ్లలో ఉడికించేవాడు, జిడ్డు పోవడానికి. జిడ్డు ఉంటే వెంట్రుక గాలిలోని తేమకు మందకొడిగా స్పందిస్తుందని ఆయన గమనించాడు. పరికరం చురుగ్గా ఉండాలి కదా, అందుకని నూనె తీసేశాడు. మన ఇళ్లలో పెద్దవాళ్లకు కావాల్సింది సరిగ్గా దీనికి ఉల్టా. తల మీద వెంట్రుక చురుగ్గా ఉండకూడదు, గాలి ఎటు తిరిగితే అటు ఉబ్బి తగ్గకూడదు. అందుకని వాళ్లు నూనె రాశారు. ‘నూనె జుట్టుకు ఆహారం’ అనే మాట నిజం కాదు, ప్రాణం లేనిదానికి ఆహారమేమిటి? నూనె చేసేది నీటి రాకపోకలను నెమ్మదింపజేయడం, పొలుసుల మధ్య రాపిడి తగ్గించడం.

అన్ని నూనెలూ ఈ పని ఒకేలా చేయవు. ముంబైలో మారికో సంస్థ పరిశోధకులు ఆర్తీ రేలే, ఆర్.బి. మొహిలే 2003లో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. తలస్నానానికి ముందు రాసినా తర్వాత రాసినా, వెంట్రుక నుంచి ప్రొటీను కారిపోవడాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. ఆ సంస్థ వ్యాపారమే కొబ్బరి నూనె కాబట్టి ఫలితాన్ని కొంచెం అటూ ఇటూ తిప్పి చూడటం మంచిదే. అయితే వాళ్లు చూపిన కారణంలో రసాయనశాస్త్రం గట్టిగానే ఉంది. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని గొలుసు చిన్నది, వంకర లేనిది, కెరటిన్‌కు అంటుకునే గుణం ఉన్నది. అందుకే అది పొలుసుల సందుల్లోంచి లోపలికి పోగలదు. మినరల్ ఆయిల్ పైనే నిలిచిపోతుంది. లోపల నూనె చేరిన వెంట్రుక నీళ్లు తక్కువ తాగుతుంది, తక్కువ ఉబ్బుతుంది.

దీన్నిబట్టి నూనె ఎప్పుడు రాయాలో కూడా తేలుతుంది. తలంటుకు ముందు రాయాలి, కనీసం కొన్ని గంటల ముందు. ఆదివారం పొద్దున పోసుకునేవాళ్లు శనివారం రాత్రి రాసుకుంటే లోపలికి దిగడానికి సమయం దొరుకుతుంది. స్నానానికి పది నిమిషాల ముందు గబగబా రాసి కడిగేస్తే ఎక్కువ భాగం షాంపూతో పాటే కాలువలోకి పోతుంది.

చలికాలంలో కొబ్బరి నూనెతో ఒక చిక్కుంది. 24, 25 డిగ్రీల దగ్గర అది పేరుకుంటుంది. తెల్లగా గడ్డకట్టిన సీసాలోకి పుల్ల పెట్టి గోకడం, సీసాను ఎండలో పెట్టి మర్చిపోవడం, బడికి టైమవుతోందని పిల్లల తల మీద నూనె బిళ్లలు బిళ్లలుగా పెట్టి రుద్దడం తెలంగాణ ఇళ్లలో డిసెంబరు పొద్దుటి దృశ్యాలు. పేరుకున్నంత మాత్రాన నూనె చెడిపోయినట్టు కాదు. వేడినీళ్లు పోసిన గిన్నెలో సీసాను ఐదు నిమిషాలు నిలబెడితే చాలు, పొయ్యి మీద పెట్టనక్కర్లేదు. గోరువెచ్చని నూనె పల్చబడుతుంది కాబట్టి కొంచెంతోనే జుట్టంతా పరుచుకుంటుంది. నువ్వుల నూనె మన చలికి పేరుకోదు. భోగినాడు తెల్లవారకముందే మాడుకు పట్టించి, నలుగు పెట్టి తలంటు పోసే ఆచారంలో ఆ నూనెను ఎంచుకోవడానికి ఈ సౌకర్యం కూడా ఒక కారణమై ఉంటుందని నా ఊహ. సంక్రాంతి చలిలో ద్రవంగా ఉండే నూనె చేతికి అందుబాటులో ఉండటం చిన్న విషయమేమీ కాదు.

ఇంతవరకూ చెప్పిందంతా వెంట్రుక గురించి. మాడు వేరే సంగతి. అది బతికున్న చర్మం, దానికి చలీ తెలుసు, దురదా తెలుసు. ఈ రెండింటికీ ఒకే వైద్యం చేయబోవడమే చలికాలపు తప్పుల్లోకెల్లా పెద్దది.

చలికాలంలో తల మీంచి పొట్టు రాలడానికి రెండు వేర్వేరు కారణాలుంటాయి. దువ్వి, నల్ల గుడ్డ మీద దులిపి, వెలుతురులో చూడండి. పిండిలా సన్నగా, పొడిగా, తెల్లగా ఉండి, మాడు బిగుసుకున్నట్టు అనిపిస్తుంటే, కాళ్లూ చేతులూ కూడా పగిలి ఉంటే అది చర్మం ఆరిపోవడం. కొంచెం నూనె, తక్కువ వేడి నీళ్లు, తక్కువ షాంపూతో వారం పది రోజుల్లో సర్దుకుంటుంది. అలా కాక పొట్టు పెద్ద రేకుల్లా, పసుపు ఛాయతో, వేలికి జిడ్డు తగిలేలా ఉండి, దురద పెడుతుంటే, కనుబొమల్లోనో ముక్కు పక్కల మడతల్లోనో కూడా ఎర్రగా పొలుసులు లేస్తుంటే అది చుండ్రు. దాని వెనక మలసీజియా అనే శిలీంధ్రం ఉంటుంది. అందరి మాడు మీదా కాపురం ఉండేదే. 2007లో ‘మలసీజియా గ్లోబోసా’ జన్యుపటం చదివినప్పుడు ఒక వింత బయటపడింది: కొవ్వు ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకునే జన్యువు దానికి లేదు. మన మాడు ఊర్చే జిడ్డు మీదే దాని బతుకంతా. ఆ జిడ్డును విరగ్గొట్టి తినగా మిగిలిన ఒలీక్ ఆమ్లం లాంటివి, చుండ్రు తత్వం ఉన్నవాళ్ల చర్మాన్ని మండించి పొట్టు లేపుతాయి.

ఇప్పుడు ఆలోచించండి. చుండ్రు ఉన్న తలకు ‘ఎండిపోయింది పాపం’ అని నూనె దట్టిస్తే ఎవరికి వడ్డించినట్టు? మలసీజియా 11 నుంచి 24 కార్బన్ల గొలుసున్న కొవ్వు ఆమ్లాలను వాడుకుంటుంది. కొబ్బరి, నువ్వులు, ఆలివ్ అన్నీ ఆ పరిధిలోనివే. నువ్వుల నూనెలో, ఆలివ్ నూనెలో అయితే ఒలీక్ ఆమ్లం సిద్ధంగానే ఉంటుంది. నూనె రాసిన పూట పొట్టు జుట్టుకు అతుక్కుని కనబడకుండా పోతుంది, అంతే. ఆ ఉపశమనం చూసి ‘నూనె పెడితే తగ్గింది’ అంటారు. కొద్ది రోజులకు మళ్లీ వస్తుంది. మఫ్లరూ, మంకీ క్యాపూ, హెల్మెట్టూ కలిసి మాడును వెచ్చగా, చెమటగా ఉంచితే ఇంకా సంబరం దానికి.

చుండ్రు ఉన్నవాళ్లు చలికాలంలో మాడుకు నూనె మానేసి, జుట్టు పొడవుకు మాత్రం రాసుకోవచ్చు. కీటోకొనజోల్ 2 శాతం షాంపూను వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడటం సాధారణ పద్ధతి. అందరూ చేసే పొరపాటు దాన్ని మామూలు షాంపూలా రుద్ది వెంటనే కడిగేయడం. మందు పనిచేయాలంటే నురగ మాడు మీద మూడు నుంచి ఐదు నిమిషాలు ఉండాలి. వెండి రంగు పొలుసులు మందంగా అట్టలు కట్టి, జుట్టు సరిహద్దు దాటి నుదురు మీదికి పాకుతుంటే అది సోరియాసిస్ కావచ్చు, షాంపూలతో కాలయాపన చేయకుండా వైద్యులకు చూపించాలి.

తెలుగు నేల మీద చలికాలంలో జుట్టుకు గాలి కన్నా ఎక్కువ హాని చేసేది గీజరు. బయట చల్లగా ఉందని పొగలు కక్కే నీళ్లు నెత్తిన గుమ్మరించుకుంటాం, అది హాయిగానే ఉంటుంది. కానీ మాడు ఊర్చే జిడ్డు శరీర ఉష్ణోగ్రత దగ్గరే మెత్తబడి కరిగే పదార్థం. నీళ్ల వేడి దాన్ని కరిగిస్తుంది, షాంపూ ఎత్తుకుపోతుంది. మిగిలింది నగ్నమైన చర్మం, బయట 28 శాతం తేమ. ‘వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు’ అన్న సామెత సంసారం ఖర్చుల గురించి పుట్టినా, తలస్నానానికి అక్షరాలా పనికొస్తుంది. ఒంటికి ఎంత వేడి కావాలంటే అంత పోసుకోండి. తలకు మాత్రం చేయి పెడితే గోరువెచ్చగా తగిలే నీళ్లు, 38 డిగ్రీల చుట్టుపక్కల, చాలు. ఇక ‘చివర్లో చన్నీళ్లు పోస్తే క్యూటికిల్ మూసుకుంటుంది’ అనే చిట్కా ఉంది. క్యూటికిల్‌కు తలుపుల్లేవు. పొలుసులు లేవడం, పడుకోవడం నీటి వల్ల వచ్చే ఉబ్బు మీదా, నీటి క్షార ఆమ్ల గుణం మీదా ఆధారపడి ఉంటాయి. జనవరిలో చన్నీళ్లతో వణకాల్సిన అవసరం లేదు.

క్షార గుణం మాట వచ్చింది కాబట్టి కుంకుడుకాయ సంగతి చెప్పాలి. ఒంటి సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. బోరు నీళ్లలోని కాల్షియంతో కలిస్తే తెల్లటి తెట్టు కట్టి జుట్టుకు అంటుకుంటుంది. కుంకుడు రసం కాస్త ఆమ్ల గుణం ఉన్నది. దానిలో నురగనిచ్చేవి సపోనిన్లు, అవి కాల్షియంతో తెట్టు కట్టవు. కాయను రోకలి బండతో చితక్కొట్టి, నల్లగింజ తీసి, వేడినీళ్లలో నానబెట్టి, చేత్తో పిసికితే జిగటగా నురగొస్తుంది. వడకట్టి వాడుకుంటాం. కంట్లో పడితే ఎంత మంటో తెలుగు పిల్లలకు చెప్పక్కర్లేదు. కానీ ‘సహజం కాబట్టి సున్నితం’ అనుకోవద్దు. చిక్కటి కుంకుడు రసం నూనెను మొండిగా లాగేస్తుంది. ఎండాకాలం పది కాయలు కొట్టే చోట చలికాలం ఆరు చాలు, రసం పల్చన చేయండి. అందులో నాలుగు మందారాకులు పిసికి కలిపితే ఆ జిగురు వెంట్రుకల మీద పల్చగా పరుచుకుని, దువ్వెన జారడానికి సాయపడుతుంది. పూర్వం కండిషనర్ పని చేసింది ఇదే.

ఇప్పటి కండిషనర్ పనిచేసే తీరు వేరు, చలికాలంలో దాని అవసరం పెరగడానికి కారణం విద్యుత్తు. ప్లాస్టిక్ దువ్వెనతో పొడి జుట్టు దువ్వితే రాపిడికి ఎలక్ట్రాన్లు ఒకచోటి నుంచి మరోచోటికి మారతాయి. వెంట్రుకలన్నిటికీ ఒకే ఆవేశం వచ్చి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పైకి లేస్తాయి. వేసవిలోనూ ఇది జరుగుతుంది, కానీ వెంట్రుక మీది తేమ ఆ ఆవేశాన్ని క్షణంలో పారబోస్తుంది. పొడి గాలిలో ఆ దారి మూసుకుపోతుంది. షికాగోలో ఉన్ని టోపీ తీసిన మనిషి జుట్టు నిటారుగా లేచి నిలబడేది అందుకే. మామూలు పీహెచ్ దగ్గర వెంట్రుక ఉపరితలానికి రుణావేశం ఉంటుంది, దెబ్బతిన్న కొసల దగ్గర అది మరీ ఎక్కువ. కండిషనర్‌లో ఉన్నవి ధనావేశం గల అణువులు. అవి వెతుక్కుంటూ వెళ్లి, ఎక్కడ దెబ్బ ఉందో అక్కడే ఎక్కువగా అతుక్కుంటాయి. కాబట్టి కండిషనర్ కొసలకు, చెవుల కిందనుంచి పొడవుకు రాయాలి. మాడుకు రాస్తే జిడ్డు తప్ప లాభం లేదు. చెక్క దువ్వెన, టోపీ లోపల నున్నటి సాటిన్ గుడ్డ కూడా ఈ రాపిడిని బాగా తగ్గిస్తాయి.

తడి జుట్టు దగ్గరికి వద్దాం. కార్తీక మాసంలో తెల్లవారుజామున తలస్నానం చేసేవాళ్లున్నారు. అయ్యప్ప మాల వేసుకున్న స్వాములైతే 41 రోజుల మండల దీక్షలో రెండు పూటలా చన్నీళ్లు నెత్తిన పోసుకుంటారు. ఇలా చేస్తే జుట్టు పాడవుతుందా? ఉత్త నీళ్లు జిడ్డును పెద్దగా తీయవు, కాబట్టి ప్రతిసారీ షాంపూ పెట్టనంత వరకూ మాడుకు ఇబ్బంది లేదు. కష్టమల్లా ఆరకపోవడంతోనే. చల్లటి గాలి ఆవిరిని ఎక్కువ మోయలేదు, అందుకని పొద్దున పూట జుట్టు ఆరడానికి వేసవికన్నా ఎన్నో రెట్లు సమయం పడుతుంది. నానిన వెంట్రుక బంధాలు సడలి రబ్బరులా సాగుతుంది. ఆ స్థితిలో సన్నపళ్ల దువ్వెనతో చిక్కు లాగినా, తడి ముడి బిగించి హెల్మెట్ పెట్టినా కొసలు తెగుతాయి. తువ్వాలుతో రుద్దకుండా అద్ది, సగం ఆరాక ఎడం పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి.

హెయిర్ డ్రయర్ అంటే చాలామందికి భయం. 2011లో కొరియా పరిశోధకులు ఒక పోలిక చేశారు. డ్రయర్‌ను 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒకచోట నిలపకుండా కదుపుతూ ఆరబెట్టిన వెంట్రుకల్లో పైపొర కొంత దెబ్బతింది కానీ, లోపలి కణాలను అతికించి ఉంచే పొర బాగానే ఉంది. డ్రయర్ లేకుండా రెండు గంటలకు పైగా తడిగా వదిలేసినవాటిలో ఆ పొర ఉబ్బిపోయింది. అంటే ఆరబెట్టకపోవడం కూడా ఒక రకమైన హానే. మరీ దగ్గరగా పెట్టి మాడ్చేస్తే మాత్రం వెంట్రుకలో ఇరుక్కున్న నీరు మరిగి బుడగలు కట్టి, అక్కడే పుటుక్కున తెగుతుంది. నిప్పుల మీద సాంబ్రాణి వేసి, పైన వెదురు బుట్ట బోర్లించి, దాని మీద పాయలు పరిచి ఆరబెట్టే పాత పద్ధతిలో వేడి మెత్తగా తగులుతుంది కాబట్టి జుట్టుకు మంచిదే. పసిపిల్లలకు మాత్రం వద్దు. ఆ పొగ వాళ్ల ఊపిరితిత్తులకు పడదు.

‘తల తడిగా ఉంటే జలుబు చేస్తుంది’ అన్న మాటలో ఎంత నిజముంది? జలుబు తెచ్చేది వైరస్, నీళ్లు కాదు. అయితే పొడుగు జడలో వంద గ్రాముల నీరు నిలిచిందనుకుంటే, అది ఆవిరి కావడానికి 240 కిలోజౌళ్ల వేడి కావాలి. లీటరు నీటిని 57 డిగ్రీల మేర వేడిచేసేంత. అందులో కొంత మన తల నుంచే పోతుంది. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2005లో 90 మంది పాదాలను ఇరవై నిమిషాలు చన్నీళ్లలో ఉంచి, మరో 90 మందిని ఊరికే కూర్చోబెట్టారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో మొదటి గుంపులో 13 మందికి, రెండో గుంపులో 5 మందికి జలుబు లక్షణాలు కనిపించాయి. ఒంట్లో అప్పటికే నక్కిన వైరస్‌కు చలి అవకాశమిస్తుందన్నది దీనికి చెప్పే వివరణ. అమ్మలు కోప్పడటం పూర్తిగా నిరాధారమేమీ కాదు.

చివరిగా, ‘చలికాలంలో జుట్టు రాలిపోతుంది’ అనే నమ్మకం. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో 14 మంది మగవాళ్లను గమనించి 1991లో ప్రచురించిన అధ్యయనంలో జుట్టు అత్యధికంగా రాలింది ఆగస్టు, సెప్టెంబరుల్లో, రోజుకు దాదాపు 60 వెంట్రుకలు. అంతకుముందు చలికాలంలో రాలింది అందులో సగం కూడా లేదు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో 823 మంది స్త్రీల రికార్డులు చూసిన 2009 నాటి అధ్యయనంలో కూడా రాలడానికి సిద్ధమైన వెంట్రుకలు ఎక్కువగా కనిపించింది జూలైలో, తక్కువగా కనిపించింది ఫిబ్రవరి మొదట్లో. ఆ దేశాల్లో పగటి పొడవు ఏడాదిలో బాగా మారుతుంది. షెఫీల్డ్‌లో డిసెంబరు పగలు ఏడున్నర గంటలైతే జూన్‌లో పదిహేడు. హైదరాబాదులో తేడా రెండు గంటలే, కాబట్టి ఆ లెక్క మనకు అలాగే వర్తిస్తుందని చెప్పలేం.

అయినా మన దగ్గర నవంబరు, డిసెంబరుల్లో దువ్వెన నిండా జుట్టు వస్తోందని చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. ముందు ఆ వెంట్రుకను పట్టి చూడండి. ఒక కొసన ఆవగింజ కన్నా చిన్నదిగా తెల్లటి బొడిపె ఉంటే అది కుదురుతో సహా రాలింది. బొడిపె లేకపోతే మధ్యలో తెగింది, కారణం పొడి గాలి, రాపిడి, తడి జుట్టును లాగడం. తెగినదానికి ఈ అధ్యాయంలో చెప్పినవన్నీ పనిచేస్తాయి. కుదురుతో రాలినదానికి చలితో సంబంధం తక్కువ. వెంట్రుక ఎదుగుదల ఆగిపోయాక రాలడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మన ఊళ్లలో డెంగీ, టైఫాయిడ్, చికున్‌గున్యా జ్వరాలు ముసిరేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఆ జ్వరానికి ఎదుగుదల ఆగిన వెంట్రుకలన్నీ కట్టగట్టుకుని రాలేది సరిగ్గా చలి మొదలయ్యాక. నింద చలి మీద పడుతుంది. ఇలా రాలినది చాలావరకు కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. ఆగకుండా రాలుతూంటే చర్మవైద్యులు మొదట అడిగేదీ ఇదే: మూడు నెలల కిందట పెద్ద జ్వరమేమైనా వచ్చిందా, కాన్పయిందా, తిండి బాగా తగ్గించారా అని. తర్వాత రక్తంలో ఇనుము, థైరాయిడ్ చూపించుకోమంటారు. నూనె మార్చమనే సలహా వాళ్ల జాబితాలో చాలా కిందుంటుంది.